మా ఇంటాయనకు ఫోన్ చెయ్

ఫోన్‌లో మాట్లాడే ఆ ఆడగొంతుకూ మా అమ్మకూ మొదటిరోజు నుంచే పడలేదు. తప్పంతా అమ్మదేనని మా తమ్ముడు అంటాడు. వాడి మాట వాడిది. నేనైతే ఆ తగువులో ఎప్పుడూ అమ్మ పక్షమే, ఒక్క సాయంత్రం తప్ప. ఆ సాయంత్రం సంగతి కూడా చెప్తాను, దాచేదేముంది.

మా ఇల్లు చాంద్రాయణగుట్టలో, ఫ్లైఓవర్ నీడ పడేంత దగ్గర్లో. ఇంటి వెనక బర్రెల కొట్టం. తాతల కాలం నుంచి పాలు అమ్ముకుని బతికిన కుటుంబం మాది. చుట్టూ మేడలు లేచాక, పెండ వాసన వస్తోందని కొత్తగా వచ్చినవాళ్లు ముక్కులు మూసుకోవడం మొదలుపెట్టారు. "మీకన్న ముందు మా బర్రెలొచ్చినయ్. మూస్కునేదుంటే మీరే మూస్కోండ్రి" అని అమ్మ గోడ మీదుగా జవాబు చెప్తుంది. నేను పెళ్లయి సైదాబాద్‌లో ఉంటాను, ఓ సర్కారు ఆఫీసులో గుమాస్తాను. ఆదివారం వస్తే మాత్రం కొట్టంలోనే ఉంటాను.

మేం బాపు అని పిలిచే మా నాన్నకు ఆ మధ్య తలలో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది గానీ, తోవలు మరిచిపోవడం మొదలైంది. ఏళ్ల తరబడి పాలు పోసిన ఇంటి ముందే నిలబడి "ఇది ఎవరిల్లు?" అని అడిగేవాడు. ఒకసారి సైదాబాద్‌లోని మా ఇంటికని బయల్దేరి ఏ బస్సు ఎక్కాడో ఏమో, పొద్దుగూకే వేళకు ఊరవతల ఏదో డిపోలో దొరికాడు. కాళ్లకు చెప్పులు లేవు. ఎవరో ఇచ్చిన బన్ను చేతిలో పట్టుకుని, తినకుండా అట్లాగే కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అమ్మకు ఒకటే భయం, ఈసారి తప్పిపోతే దొరకడని. రాత్రి పడుకునేటప్పుడు ఆయన పంచె కొసను తన కొంగుకు ముడేసుకుని పడుకునేది.

అందుకే తమ్ముడు రెండు ఫోన్లు కొన్నాడు. బాపు చొక్కా జేబులోకి బటన్ల ఫోను, అమ్మ చేతికి పెద్ద ఫోను. అమ్మకు అక్షరం ముక్క రాదు. "నువ్వు నొక్కేది ఏం లేదమ్మా. ఉట్టిగ మాట్లాడు. ఏది చెప్తే గది చేస్తది" అన్నాడు. అమ్మ ఫోన్‌ను నులకమంచం మీద పెట్టి, ఎదురుగా కూర్చుని, కొత్త కోడల్ని చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది.

"ఓ పిల్లా, వాన గిట్ల వస్తదేమో జర చూడు. గడ్డి బయటున్నది" అంది.

"క్షమించండి. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు" అంది ఫోను.

"ఏం అర్థంగాలె? తెలుగే గదనే?"

"క్షమించండి. మళ్లీ ప్రయత్నించండి."

"సాఫ్‌గ మాట్లాడాలె అమ్మా" అని తమ్ముడు మధ్యలో వచ్చాడు. "టీవీల వార్తలు చదువుతరు చూడు, గట్ల."

"వార్తలు చదివెటోళ్లకు బర్రెలున్నయారా? గడ్డి తడుస్తదన్న ఫికర్ వాళ్లకున్నదా?" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండేది అక్కడే. మా గల్లీలో అమ్మ మాట అర్థం కానివాళ్లు ఎవరున్నారు? ఎదురింటి ఆపాకు తెలుగు రాదు, ఉర్దూనే. అమ్మకు ఉర్దూ సగమే వచ్చు. ఇద్దరూ గోడకు చెరోపక్క నిలబడి నా చిన్నప్పటి నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నారు. కాన్పులు, చావులు, కోడళ్ల లొల్లి, అన్నీ. అర్థం కాకపోతే "క్యా బోలే?" అని ఆపా ఇంకొంచెం దగ్గరికి జరుగుతుంది, అమ్మ చేతులు తిప్పి మళ్లీ చెప్తుంది. ఈ ఫోను దగ్గరికి జరగదు. మనమే దాని దగ్గరికి జరగాలట, నోరు కడుక్కుని, మాటను ఇస్త్రీ చేసుకుని. ఎందుకు జరగాలి? దాన్ని మేం పనికి పెట్టుకున్నామా, అది మమ్మల్ని పనికి పెట్టుకుందా?

నాకూ అదే గతి. చదువుకున్నాను, ఆఫీసు ఫైళ్లలో ఎంత శుద్ధమైన తెలుగు కావాలంటే అంత రాస్తాను. అయినా గ్యాస్ బండ కోసం ఫోన్ చేస్తే అటువైపు మరో ఆడగొంతు, అదే క్షమాపణ. "బండ అయిపోయింది, ఇంకోటి పంపుండ్రి" అన్నాను. అర్థం కాలేదంది. రెండోసారి వార్తలు చదివినట్టు చెప్పబోతే, సగంలోనే నా గొంతు నాకే పరాయిదిగా వినబడింది. ఛీ అని పెట్టేశాను. ఆ రోజు పక్కింటి పొయ్యి మీద అన్నం వండుకొచ్చాను గానీ దాన్ని మళ్లీ బతిమాలలేదు. మొండితనం అమ్మ నుంచే వచ్చింది, ఎక్కడికి పోతుంది.

అసలు లొల్లి పేరు దగ్గర మొదలైంది. మా ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మకు వాళ్ల అమ్మ చెప్పింది. నేను నమ్ముతానా అంటే, నమ్మను. మరి మా ఆయన్ని ఇంట్లో పేరు పెట్టి పిలుస్తానా అంటే, అదీ లేదు. అలవాటు లేదంటాను పైకి. అమ్మ మాత్రం నమ్ముతుంది. బాపుకు జబ్బు చేశాక ఇంకా గట్టిగా నమ్ముతోంది. ఆస్పత్రిలో చీటీ రాసేవాళ్లు రోగి పేరడిగితే నన్ను ముందుకు తోసి తను పక్కకు తిరిగేది.

మరి ఇన్నేళ్లూ ఎట్లా పిలిచింది? కూత పెట్టి. కొట్టం ఆ చివర బాపు కుడితి కలుపుతుంటే, ఈ చివర నుంచి అమ్మ ఒక కూత పెడుతుంది. సాయంత్రం బర్రెల్ని ఇంటికి మళ్లించేది కూడా ఆ కూతే. గొంతు అడుగు నుంచి మొదలై, మధ్యలో ఒక మెలిక తిరిగి, పైకి పోయి అక్కడ ఆగుతుంది. అంతకన్నా వివరంగా రాయను. బర్రెలు తలెత్తేవి, బాపు "ఆఁ, వస్తున్న" అనేవాడు. "బర్రెలను పిలుస్తున్నవా, బాపును పిలుస్తున్నవా?" అని మేం ఏడిపిస్తే, "ఎవలకు పనుంటే వాళ్లొస్తరు" అనేది. బాపు ఏమీ అనుకునేవాడు కాదు, చేతులు తుడుచుకుంటూ వచ్చేసేవాడు.

తమ్ముడికి ఇదంతా తెలుసు కాబట్టే ముందు బాపు నంబరును 'ఇంటాయన' అని పెట్టాడు. అమ్మ ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, తలకొంగు సర్దుకుని, "మా ఇంటాయనకు ఫోన్ చెయ్" అంది. ఆ ఒక్క మాట దానికి చక్కగా అర్థమైంది.

"ఇంటాయనకు కాల్ చేస్తున్నాను" అంది ఫోను, తీయగా.

అమ్మ ఫోన్‌ను గడ్డిమోపు మీదికి విసిరేసింది. "ఎవలకే ఇంటాయన? నీకా?"

తమ్ముడు గుంజ పట్టుకుని నవ్వాడు, నేను నవ్వాను, బాపు కూడా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "తీసెయ్. గిప్పుడే తీసెయ్" అంది. 'పెద్దపిల్ల బాపు' అని మార్చాడు. "పెద్దపిల్లను కన్నది నేనా, అదా?" అంది. వాడు విసిగిపోయి, ఆధార్ కార్డులో ఉన్నట్టు బాపు పేరును ఇంటిపేరుతో సహా పెట్టేశాడు. "ఇగ లొల్లి లేదు" అన్నాడు. లొల్లి లేనిమాట నిజమే, అమ్మ ఆ ఫోన్‌తో బాపుకు ఫోన్ చేయడమే మానేసింది.

"పేరు జెప్పాల్నట. నేనెట్ల జెప్త? ఆ పోరి మాత్రం ఎంత దర్జాగ పేరు పెట్టి పిలుస్తది చూడు, ఇంత మర్యాద లేదు" అని నాతో చెప్పుకుంది.

"దినాలు మారినయమ్మా" అన్నాడు తమ్ముడు.

"మారితె మారనియ్. నా నోరు నాది."

దీపావళి వెళ్లిన రెండోనాడు మాకు సదర్ పండుగ. దున్నపోతుకు నూనె రాసి, కొమ్ములకు నెమలీకలు కట్టి, మెడలో గవ్వల పట్టీ వేసి, డప్పులతో వీధుల్లో నడిపిస్తాం. మా కొట్టంలో ఉన్నది ఒకే దున్న. దాని పట్టీ ఏ ఏడైనా బాపే ఎంచాలి, ఇంకొకరిని ఎంచనిచ్చింది లేదు. పోయినసారి కూడా "నేనే పోత, నేనే చూస్త" అని పట్టుబట్టాడు. తమ్ముడికి డ్యూటీ. నేను సెలవు పెట్టి, ఇద్దరినీ ఆటోలో ఎక్కించుకుని నయాపూల్ బజారుకు పోయాను. సంచి బాపు భుజానే. ఇంకెవరు అందుకోబోయినా మొహం చిన్నబుచ్చుకుంటాడు. నా పర్సూ నా ఫోనూ ఆ సంచిలోనే వేశాను.

పండుగ ముందు సాయంత్రం నయాపూల్ ఎట్లుంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దుకాణంలో అమ్మా నేనూ బేరంలో మునిగాం. బాపు ఒక పట్టీని వేళ్లతో తడిమి "ఇది మంచిగున్నది" అన్నాడు. ఆ మాట విన్నాను. దుకాణదారు ఇంకోటి తీశాడు. "బాపూ, మరి గిది?" అని వెనక్కి తిరిగాను. బాపు లేడు.

"అమ్మా, నువ్వు ఈడనే నిలబడు, కదలకు. ఫోన్ చేస్తుండు" అని చెప్పి పరుగెత్తాను. వంతెన దాకా పోయాను. బండ్లవాళ్లందరినీ అడిగాను. "భాయ్, ఏక్ బుడ్డే సాబ్ కో దేఖే క్యా? సర్ పే లాల్ రుమాల్?" "నై దేఖే అమ్మా" అన్నవాళ్లే అందరూ. ఎవరి తలకు ఎర్ర రుమాలు కనబడినా పోయి భుజం పట్టుకున్నాను, తిరిగి చూస్తే మరెవరో. రోడ్డు పక్కన బస్సులు ఆగుతున్నాయి, మనుషుల్ని ఎక్కించుకుని తలో దిక్కూ పోతున్నాయి. వాటిల్లో దేనిలో ఎక్కాడో అనుకుంటూ వెనక్కి పరుగెత్తాను.

తిరిగి వచ్చేసరికి దుకాణం ముందు జనం మూగి ఉన్నారు. మధ్యలో అమ్మ, ఫోన్‌తో కొట్లాడుతోంది.

"మా ఇంటాయనకు ఫోన్ చెయ్ అంటున్న గదనే!"

"క్షమించండి. ఆ పేరు మీ కాంటాక్టులలో లేదు. ఎవరికి కాల్ చేయాలో పేరు చెప్పండి."

"పెద్దపిల్ల బాపుకు చెయ్!"

"క్షమించండి. పేరు చెప్పండి."

గాజులమ్మే ఆమె "పేరు జెప్పరాదమ్మా, జల్ది" అంది. పూలబండి అతను "నామ్ బోలో అమ్మా, నామ్" అన్నాడు. అందరూ మంచికే చెబుతున్నారు. అమ్మ తల అడ్డంగా ఊపుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తల ఊపడం మాత్రం ఆపలేదు.

నేను అమ్మ మీద అరిచిన సాయంత్రం అదే. "పేరు జెప్తే నోరు కాల్తదా? మనిషే దొరకకపోతే పేరు దాచుకోని ఏం జేస్కుంటవ్?"

"మనిషి దొరకాల్ననే దాస్కుంటున్ననే!" అంది అమ్మ.

ఫోన్ లాక్కుని బాపు పేరు నేనే గట్టిగా చెప్పాను. ఒకపక్క బస్సు హారన్, ఇంకోపక్క టపాకాయల దుకాణం మైకు. ఫోను కాసేపు ఆలోచించి భక్తిపాట పెట్టింది. ఇంకా గట్టిగా చెప్పాను. ఈసారి రేపు వాన పడే అవకాశం లేదంది. అమ్మ ఎప్పుడో అడిగిన వాన సంగతి, ఇప్పుడా చెప్పేది? "నీ వాన పాడుగాను" అని తిట్టి, వేలితో వెతికి బాపు నంబరు నొక్కాను. రింగు పోయింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. జబ్బు చేసినప్పటి నుంచి అంతే, జేబులో ఫోను మోగితే పురుగేదో దూరినట్టు పైనుంచి అరచేత్తో అదిమి పట్టుకుంటాడు. సంచిలో ఉన్న నా ఫోనుకు చేశాను, అదీ అట్లాగే మోగి మోగి ఆగిపోయింది.

గాజులామె నా చెయ్యి పట్టి కూడలిలో మైకు దగ్గరున్న ట్రాఫిక్ పోలీసాయన దగ్గరికి లాక్కుపోయింది. అమ్మ మా వెనకే వచ్చింది. పోలీసాయన మంచివాడు, అడిగిన వెంటనే మైకు అందుకున్నాడు. బాపు పేరు ఇంటిపేరుతో సహా స్తంభం మీది లౌడ్‌స్పీకర్‌లో మోగింది. ఎక్కడున్నా కూడలి దగ్గరికి రావాలని తెలుగులో చెప్పాడు, ఉర్దూలో చెప్పాడు, మళ్లీ తెలుగులో చెప్పాడు. నయాపూల్ మొత్తానికి ఆ సాయంత్రం మా బాపు పేరు తెలిసిపోయింది. అంత పెద్ద చప్పుడుతో ఆయన పేరు వినబడ్డప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడింది. బాపు రాలేదు.

"కాసేపు చూద్దాం అమ్మా, స్టేషన్‌కు గూడ చెప్త" అని పోలీసాయన మైకు దించాడు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. కొంగు నడుముకు బిగించి దోపుకుంది. నేను చూస్తుండగానే కూడలి మధ్యనున్న సిమెంటు దిమ్మె ఎక్కేసింది. "అరే, దిగు అమ్మా, బండ్లొస్తున్నయ్" అని పోలీసాయన అంటూనే ఉన్నాడు. అమ్మ చెంప పక్కన అరచెయ్యి పెట్టుకుని కూత పెట్టింది.

కొట్టంలో తప్ప నలుగురి మధ్య ఎన్నడూ పెట్టని కూత అది. హారన్ల మీదుగా పోయింది. ఆటోలవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. ఎవరో పకపకా నవ్వారు. "నవ్వుకో, మస్తు నవ్వుకో!" అని అరిచాను, ఎవరో చూడకుండానే. నాకు సిగ్గు వేయలేదు. అమ్మ పక్కన నేను కూడా దిమ్మె ఎక్కి నిలబడ్డాను. అమ్మ ఊపిరి తీసుకుని రెండోసారి పెట్టింది.

"ఆఁ, వస్తున్న! వస్తున్న!"

ఆ గొంతు లౌడ్‌స్పీకర్ కట్టిన స్తంభం వెనక నుంచి వచ్చింది. ఎవరివో గోనెబస్తాలు అక్కడ పేర్చి ఉన్నాయి. వాటి చాటున కూర్చున్న బాపు లేచాడు. ఆయన పేరు ఆయన నెత్తి మీదే అంతసేపు మోగింది. ఇంకెవరినో పిలుస్తున్నారు అనుకున్నాడట, తర్వాత అడిగితే చెప్పాడు. ఎర్ర రుమాలు సర్దుకుని, సంచి భుజాన వేసుకుని, అమ్మ దగ్గరికి నడిచొచ్చాడు. పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టి బండ్లను ఆపాడు.

"గంత గట్టిగ మొత్తుకోవాల్నా? కుడితి కలుపుతున్న గద" అన్నాడు బాపు విసుగ్గా.

"కలిపింది చాలు. పా ఇంటికి" అంది అమ్మ. ఆయన చొక్కా చెయ్యిని పిడికిట్లో పట్టుకుంది, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆటో ఎక్కబోతుంటే నా చేతిలో ఫోను మేలుకుంది. "క్షమించండి. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు."

"నీకెందుకర్థమైతదే? నిన్ను పిలిచిన్నా?" అంది అమ్మ. గాజులామె అంత ఏడుపులోనూ నన్ను నవ్వించింది, "సహీ బాత్ అమ్మా" అని చప్పట్లు కొట్టి.

ఇంటికొచ్చి చెప్తే తమ్ముడు తల పట్టుకుని విన్నాడు. వాడికి వెంటనే ఉపాయం తోచింది. వాడికి ఎప్పుడూ తోస్తుంది. "అమ్మా, నీ కూత రికార్డు చేస్త. బాపు ఫోన్ల రింగు బదులు గదే పెడ్త. నీ ఫోనుకు గూడ నేర్పిస్త. నువ్వు యాడున్నా సరే, ఫోనే నీ లెక్క పిలుస్తది." ఉపాయం బాగానే ఉంది, అబద్ధం ఎందుకాడాలి. నేను కూడా అమ్మ దిక్కు చూశాను.

అమ్మ దాణా పెడుతూ, తిరగకుండానే చెప్పింది. "వద్దు."

"ఎందుకమ్మా? పనికొస్తది గద."

"గది నా లెక్క పిలుసుడు నేర్సుకుంటే, ఆయన దాని దిక్కు పోతడు. రేపు ఆయనకు నేనెవరో గూడ యాది లేని దినమొస్తే? నా తాన గింత గొంతు తప్ప ఇంకేమున్నదిరా?"

తమ్ముడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. దాణా తట్ట అందుకుని రెండో బర్రెకు వాడే పెట్టాడు. సదర్ నాడు దున్న మెడలో బాపు మెచ్చిన పట్టీనే వేశాం. దుకాణదారు దాన్ని ఎత్తిపెట్టి ఉంచాడు, ఆ పొద్దున్నే నేను పోయి తెచ్చాను.

ఈ సంగతి ఆఫీసులో చెప్తే ఓ కొత్త ఉద్యోగిని నన్ను ఓదార్చింది. "ఇంకొన్నాళ్లు ఆగండి మేడమ్. ఈ ఫోన్లు అన్ని యాసలూ నేర్చేసుకుంటాయి. మీ అమ్మగారి మాట కూడా అర్థమైపోతుంది." నేర్చుకోనివ్వండి, వద్దని ఎవరన్నారు? గడ్డి తడుస్తుందని అమ్మ అంటే అర్థం చేసుకోవడం దాని పని. నేర్చుకునేదాకా మా అమ్మ నోరు మార్చుకుని కూర్చోవాలంటే మాత్రం ఊరుకోను. ఇంకో మాట కూడా చెప్పాను ఆ అమ్మాయికి, ఏది నేర్పాలో ఏది నేర్పకూడదో మేమే చెప్తామని. ఆ కూతను నేనిక్కడ అక్షరాల్లో పెట్టకపోవడం అందుకే. బాపు పేరు రాయకపోవడం కూడా.

మొన్న చలికాలంలో బాపును మళ్లీ డాక్టరుకు చూపించాం. తోవలు మరవడం పోయి ఇప్పుడు మనుషుల్ని మరుస్తున్నాడు. తమ్ముణ్ణి చూసి పాలవాడు అనుకుంటున్నాడు, నన్ను చూసి వాళ్ల అక్క అనుకుంటున్నాడు. డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. కుర్చీ ముందుకు జరుపుకుని, బాపు మోకాలి మీద చెయ్యి వేసి అడిగాడు.

"పెద్దాయనా, మీ పేరేంటి?"

బాపు తిరుగుతున్న ఫ్యాను చూశాడు. చొక్కా గుండీ చూసుకున్నాడు. ఏదో వెతుక్కుంటున్నట్టు జేబు తడుముకున్నాడు.

"ఫర్వాలేదు, తొందరేం లేదు. మీ పేరు చెప్పండి."

బాపు పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. అమ్మ దిక్కు చూశాడు. ఆయన పేరు ఆయనకే లేదు ఇక. డాక్టరు కూడా అమ్మ దిక్కు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా, మీరంటే గుర్తొస్తుందేమో. ఆయన పేరేంటి?"

నేను నోరు తెరవబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. కుర్చీలోంచి ముందుకు వంగి, బాపు చెవి దగ్గర, అప్పుడే పుట్టిన దూడను పిలిచినంత మెల్లగా కూత పెట్టింది.

బాపు వీపు నిటారుగా అయింది. కళ్లలోకి మనిషి వచ్చాడు. "ఆఁ, వస్తున్న" అని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని డాక్టరు వైపు తిరిగింది.

"అడిగినవ్ గద సారూ. గదే ఆయన పేరు. రాస్కో."